మలికూత పట్టని జింగు

హాప్చన్ ఊరి నుంచి కాపురానికొచ్చిన హాప్చన్ ఆవిడ చెప్పిందట, ప్యో మేస్త్రి పెళ్ళాం మొగుడి బదులు జింగును పక్కలో వేసుకుని పడుకుంటోందని. జుట్టుకి రంగేసే దుకాణంలో, తలకి ప్లాస్టిక్ సంచి కట్టుకుని కూర్చుని మరీ చెప్పిందట. అది విన్న పిండిమర ఆవిడ ఇక ఊరుకుంటుందా, బియ్యం ఆడించుకోడానికి వచ్చిన ప్రతి మనిషికీ పిండితోపాటు ఆ ముక్క కూడా మూటగట్టి పంపించింది. "దుప్పటి కప్పుతుందట. దిండు కూడా పెడుతుందట. చూసినవాళ్ళున్నారు." అట్లా చేతులు మారి మారి ఆ మాట చివరికి తోడికోడలి నోటివెంట ఆ మేస్త్రి పెళ్ళాం బున్నమ్ చెవినే పడింది.

బున్నమ్ అప్పుడు ముల్లంగి తరుగుతోంది. కత్తి ఆగలేదు.

"దిండు లేదు," అంది.

"అంటే దుప్పటి ఉన్నట్టేనా అక్కా?"

"ఉంది."

తోడికోడలు ఇంకేదో అడగబోయి, ఆ మొహం చూసి, రెండు ముల్లంగి ముక్కలు నోట్లో వేసుకుని వెళ్ళిపోయింది. ఇంటికి పోయి మొగుడితో ఏం చెప్పిందో గానీ, ఆ సాయంత్రమే ఆ మొగుడు, బున్నమ్ మరిది ఇల్మాన్ వచ్చి గేటు దగ్గర కాసేపు నిలబడి, లోపలికి రాకుండానే తిరిగిపోయాడు.

జింగంటే జేగంటకి పెద్దన్నలాంటిది. రాగిలో తగరం కలిపి కరిగించి, ముద్ద చేసి, ఎర్రగా కాల్చి, నలుగురు చుట్టూ నిలబడి సుత్తులతో సాగగొడితే వెడల్పాటి కంచు పళ్ళెం అవుతుంది. అంచు లోపలికి వంచుతారు. ఆకారం రావడం ఒక ఎత్తు, కూత రావడం ఇంకో ఎత్తు. ఎర్రగా కాల్చి ఉప్పునీళ్ళలో ముంచి తీసిన జింగు మూగది. మేస్త్రి దాన్ని చల్లారాక చిన్న సుత్తితో లోపలా బయటా తట్టి తట్టి, విని విని, కూత పడతాడు. అది తొలికూత. ఆ తర్వాత తాడు కట్టి వేలాడదీసి వదిలేస్తాడు. ముట్టుకోడు, ముట్టుకోనివ్వడు. కంచు పడుకోవాలంటాడు. అది పడుకుని లేచాక మళ్ళీ సుత్తి పట్టి మలికూత పడతాడు. ఈ వైపు జింగు మోత చివర్లో తోక ఎత్తాలి, ఎద్దు రంకె వేసి ఆఖర్న మూతి పైకెత్తినట్టు. కొండలకి పడమట జొల్లా వాళ్ళకి ఆ తోకతో పనిలేదు, మోత సాగితే చాలు. ఇక్కడ మాత్రం తోక ఎత్తని జింగును పశువుల కొట్టంలో కూడా కట్టరు. ఆ తోక వచ్చేది మలికూతలోనే.

ప్యో ఇల్గాన్ తన ఆఖరి జింగుకి తొలికూత మాత్రమే పట్టాడు.

అది చలికాలం ముందు ఊరంతా కిమ్చీ పచ్చడి పెట్టుకునే వారం. కూతురు సేరాన్ కూడా సాయానికి వచ్చి ఉంది. ఇల్గాన్ జింగును వేలాడదీశాడు. చేతులు కడుక్కున్నాడు. కాబేజీలు ఉప్పులో వేస్తున్న పెళ్ళాం పక్కనుంచి పోతూ, "ఉప్పు ఎక్కువేస్తున్నావు," అన్నాడు. బావిగట్టు మీద కూర్చున్నాడు. అట్లాగే పక్కకి ఒరిగిపోయాడు. బున్నమ్ "వేస్తే వేశాన్లే," అని తిరిగి చూసేసరికి అంతా అయిపోయింది. ఆసుపత్రివాళ్ళు తల్లో నరం చిట్లిందన్నారు.

ఆమె ఏడవలేదు. శవపేటిక ముందు కూర్చుని వచ్చిన ప్రతి మనిషికీ 'అయిగో, అయిగో' అని రాగం తీయవలసినప్పుడల్లా తీసింది. గొంతు పనిచేసింది, కళ్ళు పనిచెయ్యలేదు. అత్తగారు పోయినప్పుడు, ఆ అత్తగారు ఎంత రాచిరంపాన పెట్టిన మనిషయినా, ఇదే బున్నమ్ ముక్కు చీదీ చీదీ మొహం వాచిపోయిందని ఊరివాళ్ళకింకా గుర్తే. ఇప్పుడేమో తిమ్మిరెక్కిన కాలులా ఉంది ఒళ్ళంతా. గిచ్చితే ఎవరిదో కాలు గిచ్చినట్టు. కొండ మీద పూడ్చి వచ్చిన రోజు అన్నం వండి, అలవాటు చొప్పున ఆయన కంచు గిన్నెలో పెట్టి, మూత వేసి, గదిలో పొయ్యి వైపు వెచ్చటి చోట దుప్పటి కింద దాచింది. బయటికెళ్ళిన మగాడు ఎంత ఆలస్యంగా వచ్చినా అన్నం వెచ్చగా ఉండాలని ఇక్కడి ఆడవాళ్ళు చేసే పనే అది. కింద పొయ్యి మంట నేల బండల్ని కాలుస్తూ పోతుంది గనక తెల్లారేవరకూ వేడి తగ్గదు. పొద్దున దుప్పటి తీసి గిన్నె చూసింది. కుక్కకి పెట్టేసింది. తర్వాత ఆయన పనిచేసే కొట్టంలోకి వెళ్ళి, కొలిమి ఆరిపోయి మంచు పట్టిన దూలానికి వేలాడుతున్న జింగును దించి, రెండు చేతులా మోసుకొచ్చి, గిన్నె ఉన్న చోట పెట్టి దుప్పటి కప్పింది.

ఎవరన్నా అడిగితే చలికి కంచు పగులుతుందంది. అసలు సంగతి వేరు. ఆ మధ్యాహ్నం ఉప్పు చేతులతో ఆమె విన్న తొలికూత ఒకటుంది. పొట్టిగా, మొద్దుగా, ఆయన పొద్దున్నే గొంతు సవరించుకున్నట్టు ఉండే మోత. ఆయన చేతి దెబ్బల్లోంచి వచ్చిన ఆఖరి చప్పుడు అదే. దాన్ని ఇంకొక్కసారి వింటే ఈ తిమ్మిరి వదులుతుందని ఆమెకి గట్టి నమ్మకం. కానీ వింటే అయిపోతుంది కదా. విన్నాక కూడా ఏమీ కదలకపోతే ఇంకేముంటుంది చేతిలో? అందుకని వినకుండా దాచుకుంటోంది. చలికాలమంతా ఆ గదిలో పొయ్యి ఆరనివ్వలేదు.

కొత్త ఏడు మొదటి పున్నమి దగ్గర పడుతుండగా మేళం పెద్ద బేక్, ఇల్మాన్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. బేక్ అంటే ఎనభై దాటినా నడుం వంగని మనిషి, నోరు అసలు వంగదు.

"చెల్లెమ్మా, మా జింగు చీలింది. కొడితే సందులో కుక్కని తన్నినట్టు అరుస్తోంది. పున్నమికి ఇల్లిల్లూ తిరిగి నేల తొక్కాలి. జింగు లేకుండా తొక్కితే నేల కింద దయ్యాలు లేచొచ్చి మాకే తాళం వేస్తాయి."

"పక్కూరి నుంచి తెచ్చుకోండి."

"పక్కూరి జింగుతో మన నేల తొక్కుతామా? వాళ్ళ దయ్యాలు మనకెందుకు? ఇల్గాన్ మాకోసమే మొదలెట్టాడు. నీకూ తెలుసు."

బున్నమ్‌కి తెలుసు. గ్లాసుల్లో బియ్యపు కల్లు పోసి ముందు పెట్టింది. ఇల్మాన్ తాగలేదు. గ్లాసు అంచు బొటనవేలితో రుద్దుతూ, "సగం పని వదినా అది," అన్నాడు. "అన్న ఉంటే ఎప్పుడో మలికూత పట్టేసేవాడు."

"మీ అన్న లేడుగా."

"నేనున్నాగా."

"నీ చేతికి తోక ఎత్తదని మీ అన్నే అనేవాడు."

ఇల్మాన్ చెవులు ఎర్రబడ్డాయి. బేక్ పకపకా నవ్వాడు. "అది మాత్రం నిజంరోయ్. పోయిన ఏడు నువ్వు పట్టిన జింగు తోక ఎత్తలా, ఈడ్చింది. జొల్లా వాళ్ళకి అమ్ముకోవాల్సి వచ్చింది!"

"అమ్మింది నిజమే," అన్నాడు ఇల్మాన్ తలెత్తకుండా. "ఇప్పుడు పట్టేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలింది కూడా నిజమే."

బేక్ నవ్వు ఆపి కల్లు తాగాడు. బున్నమ్ కిటికీ వైపు చూస్తూ అంది, "సుత్తి పడితే ఆయన మోత పోతుంది."

ఆ మాటతో ఇద్దరికీ దుప్పటి సంగతి అర్థమయింది. పెద్దాయన ఏదో అనబోతే ఇల్మాన్ మోకాలు నొక్కి ఆపాడు.

"శనివారం సేరాన్ వస్తుంది," అంది బున్నమ్. "దానికి చూపించి చెప్తా."

సేరాన్ పోహాంగ్‌లో పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. లోహాల్లోకి మోత పంపించి, అది లోపల ఎంత దూరం పోతుందో, ఎక్కడ చచ్చిపోతుందో కొలవడం ఆమె పని. తండ్రి దాన్ని 'కంచుకి జ్వరం చూసే డాక్టరమ్మ' అనేవాడు. అన్నా, అడిగినప్పుడల్లా తన జింగుల్ని ఇచ్చేవాడు. తొలికూత పట్టిన రోజు కూడా ఆ జింగుకి మోత పట్టే బిళ్ళలు అంటించి కొలుచుకోనిచ్చాడు. "చూసుకో, చూసుకో. నాడి బాగానే ఉందిగా?" అని వెక్కిరించాడు. అదయ్యాకే చేతులు కడుక్కున్నాడు.

శనివారం సేరాన్ బస్సు దిగి, చలికి వణుకుతూ వచ్చి, కోటు కూడా విప్పకుండా కాళ్ళు దుప్పటి కింద దూర్చింది. వేళ్ళకి కంచు తగిలింది.

"ఇదేంటమ్మా ఇక్కడ?"

"బయట చలి."

"ఎప్పట్నుంచి?"

"అప్పట్నుంచే."

సేరాన్ దుప్పటి ఎత్తి జింగు మీద అరచెయ్యి ఆనించింది. దించి కాస్త చల్లారిన టీ కెటిల్‌లా ఉంది. చెయ్యి తియ్యలేదు. ఆ మొహం బున్నమ్‌కి కొత్త కాదు. చిన్నప్పుడు వీధిలో కుక్కపిల్ల చచ్చిపోయి ఉంటే పక్కింటి పిల్లాడికి ఎట్లా చెప్పాలో తెలియక నిలబడిన మొహం.

"ఏమయిందే?"

"ఏం లేదు. రేపు చూద్దాం."

"ఏమయిందో చెప్పు."

"వినకుండా ఏం చెప్పను? నేనూ వినాలి కదా," అంది సేరాన్. "అన్నం పెట్టు ముందు. పొద్దున్నుంచి ఏమీ తినలా."

మర్నాడు పొద్దున జింగును వసారా దూలానికి వేలాడదీశారు. చల్లారేదాకా ఆగారు. ఇల్మాన్ వచ్చి మెట్టు మీద దూరంగా కూర్చున్నాడు, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని. సేరాన్ చిన్న బిళ్ళలు రెండు కంచుకి అంటించి తీగలు తను తెచ్చుకున్న మోత కొలిచే పెట్టెకి తగిలించింది. గుడ్డ చుట్టిన కర్ర తల్లి చేతికిచ్చింది.

"నువ్వే కొట్టమ్మా."

ఒక్కతే ఉన్నప్పుడు విందామనుకుంది బున్నమ్. ఇట్లా తీగలు పెట్టి, మరిది కూర్చుని ఉండగా అనుకోలేదు. అయినా కొట్టింది.

జింగు మోగింది. బాగా మోగింది. పలచగా, తేటగా, పెరడు దాటి పొలాల మీదుగా పోయింది. తోక లేదు గానీ ఎక్కడా తెగలేదు, ఎంతసేపటికీ చావలేదు. ఇల్మాన్ నోరు తెరిచాడు. "మలికూత పట్టకుండానే..." అని ఆగిపోయాడు.

"ఇది కాదు," అంది బున్నమ్.

ఇంకోసారి కొట్టింది. ఈసారి కాస్త కింద. అంతే. ఎవరో తెలియని ఊరి జింగు.

"ఇది కాదే. మార్చేశారు ఎవరో."

"ఎవరూ మార్చలేదమ్మా." సేరాన్ పెట్టెలో వెతికి, తొలికూత రోజు రికార్డు చేసుకున్నది వినిపించింది. పొట్టిగా, మొద్దుగా, గొంతు సవరించుకున్నట్టు. వెనక ఎక్కడో కుక్క మొరిగింది.

"ఇదే," అంది బున్నమ్. మొహం మారలేదు. "ఇదే గానీ, ఇది పెట్టెలోంచి వస్తోంది," అంది.

"ఊఁ."

"కంచులోది ఏమయింది?"

సేరాన్ తీగలు చుడుతూ చెప్పింది. తల్లి వైపు చూడకుండా చెప్పడమే తేలిక.

"కంచు లోపల రేణువులు వరసల్లో ఉంటాయమ్మా, మనం వరి నాటినట్టు. సుత్తి దెబ్బ పడితే ఎక్కడో ఒక వరస మధ్యలో తెగిపోతుంది. పక్క వరసలు అక్కడ సర్దుకుంటాయి. అట్లా తెగిన చోట్లు కలిస్తే ఒక గీతలా ఉంటుంది లోపల. నాన్న ఒక్కో దెబ్బకి అట్లాంటివి లెక్కలేనన్ని పుడతాయి. తప్పు నాట్లు అనుకో."

"మీ నాన్న తప్పు కొట్టేవాడు కాదు."

"ఆ తప్పు కాదులే. అవి లేకపోతే కంచు సాగదసలు, పగిలిపోతుంది. సంగతేంటంటే అవి ఒక్క చోట ఉండవు. కదుల్తాయి. మోత లోపల పరిగెడుతుంటే దాంతోపాటు ఊగుతాయి, గాలికి బట్టలతాడు ఊగినట్టు. ఊగే బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? మోతలోంచే లాక్కుంటాయి. మోత నడక కూడా కాస్త మందగిస్తుంది. అందుకే కొత్తగా కొట్టిన జింగు మొద్దుగా కూస్తుంది, తొందరగా ఆగిపోతుంది."

"ఆ మొద్దు మోతే నాకు కావాల్సింది."

"అది ఉండేది కాదమ్మా." సేరాన్ తీగ చుట్టడం ఆపింది. "కొన్నాళ్ళకి కంచులో అటూ ఇటూ తిరిగే రేణువులు పోయి ఆ గీతలకి అక్కడక్కడ అంటుకుంటాయి. బట్టలతాడుకి మధ్య మధ్య గుంజలు పాతినట్టు. ఇక ఊగలేవు. ఊగకపోతే మోతని తినవు. మోత తేటపడుతుంది. నాన్న కంచు పడుకోవాలనేవాడే, అది ఇదే."

బున్నమ్ జింగు అంచు మీద వేలు పెట్టింది. ఇప్పుడు చల్లగా ఉంది.

"వెచ్చగా ఉంటే?"

సేరాన్ చుట్టిన తీగని మళ్ళీ విప్పింది. ఇల్మాన్ మెట్టు మీద కదిలాడు.

"వెచ్చగా ఉంటే తొందరగా అంటుకుంటాయి," అంది.

"నేను ఆ గదిలో పొయ్యి ఆర్పలేదు."

"తెలుసు."

"చలికాలమంతా."

"కొట్టంలో వదిలేసినా పోయేదేనమ్మా. కాస్త నెమ్మదిగా పోయేది, అంతే. నువ్వు చేసిందేం లేదు."

"చేశానుగా," అంది బున్నమ్, కూర గురించి చెప్పినట్టు. "ఇప్పుడు మళ్ళీ అట్లా మొద్దుగా కుయ్యాలంటే ఏం చెయ్యాలి?"

"మళ్ళీ సుత్తితో కొట్టాలి. కొడితే కొత్త గీతలు పుడతాయి, పాతవీ కొన్ని విడిపోతాయి. కానీ అవి..." సేరాన్ చిన్నాన్న వైపు చూసింది.

"అవి నా దెబ్బలు," అన్నాడు ఇల్మాన్.

బున్నమ్ తలూపి వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం కడుగుతున్న చప్పుడు వినిపించింది. కడిగిందే మళ్ళీ కడిగింది. సేరాన్ గుమ్మం దాకా వెళ్ళి చూసింది. ఏడుస్తోందేమోనని చూసింది, నిజం చెప్పాలంటే ఏడిస్తే బాగుండునని చూసింది. తల్లి నీళ్ళు వంచుతోంది. నీళ్ళు తేటగా వచ్చినా వంచుతూనే ఉంది.

"అమ్మా, ఆ రికార్డు నీ ఫోనులో పెడతా. ఎప్పుడు కావాలంటే అప్పుడు..."

"వద్దు. ఫోనులో చోటు లేదు." బియ్యం పొయ్యి మీద పెట్టి, చేతులు తుడుచుకుని, కిటికీలోంచి కేకేసింది. "ఇల్మానూ! కొలిమి పక్కన దాగలి మీద మంచు ఉంటుంది, తుడుచుకో. అన్నం తిని కొట్టు. ఉత్త కడుపుతో చెయ్యి వణుకుతుంది నీకు."

ఇల్మాన్ అన్నం నాలుగు ముద్దలు తిని లేచాడు. ఈలోగా కబురు ఎట్లా పోయిందో, బేక్ తన మేళగాళ్ళు ముగ్గురితో దిగాడు. వాళ్ళ వెనకే, ఉల్లికాడల కట్ట ఒకటి చేతిలో పట్టుకుని, అప్పు తీర్చడానికి వచ్చినట్టు హాప్చన్ ఆవిడ. కొట్టంలో అందరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. బున్నమ్ గుమ్మంలో నిలబడింది.

ఇల్మాన్ జింగును దాగలి మీద వెల్లకిలా పెట్టి కాసేపు ఊరికే నిమిరాడు. అన్న సుత్తులు గోడకి వరసగా ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు, సంచిలోంచి తన సుత్తి తీశాడు. లోపలి వైపు నడిమి నుంచి చుట్లు చుట్లుగా తట్టుకుంటూ వచ్చాడు. ఎత్తి పట్టుకుని కొట్టి విన్నాడు. మొద్దుబారింది. మళ్ళీ దించాడు. బేక్ ఏదో సలహా ఇవ్వబోతే, "నువ్వు నోరు మూసుకో పెద్దాయనా, పడితే పడుతుంది, లేకపోతే జొల్లా వాళ్ళున్నారు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. చెమట చుక్క ముక్కు చివర్నుంచి కంచు మీద పడితే మోచేత్తో తుడిచాడు. అంచు దగ్గర ఒక్క చోట పట్టిపట్టి కొట్టాడు. అట్లా పట్టిపట్టి కొట్టే చోటే పగిలేది. సేరాన్ కళ్ళు మూసుకుంది. బున్నమ్ మూసుకోలేదు. సుత్తి లేవడం, పడడం చూస్తోంది. ఒక్కో దెబ్బకి తనకెక్కడో ఏదో అవ్వాలని ఎదురుచూసింది. కాళ్ళకి చలేసింది, అంతే.

చాలాసేపటికి ఇల్మాన్ జింగును ఎత్తి, దూలానికి తగిలించి, వెనక్కి ఒకడుగు వేసి గుడ్డ చుట్టిన కర్రతో కొట్టాడు.

మోత లావుగా బయల్దేరింది. పొయ్యేకొద్దీ పలచబడి, ఇక ఆగుతుందనుకున్న చోట నెమ్మదిగా పైకి లేచింది. ఎద్దు మూతి ఎత్తింది. గోడకి వేలాడే పటకారులు సన్నగా గలగలలాడాయి. ఇల్మాన్ కర్ర కింద పడేసి, దాగలి పక్కనే కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. సేరాన్ వెళ్ళి వీపు మీద చెయ్యి వేసింది. తనూ ఏడుస్తోంది. హాప్చన్ ఆవిడ ఉల్లికాడలతోనే కళ్ళు తుడుచుకుని, మంటకి ఇంకా ఏడ్చింది.

బేక్ బున్నమ్ దగ్గరికి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"విన్నావా చెల్లెమ్మా? ఇల్గాన్ గొంతు! అచ్చం మన ఇల్గాన్ గొంతే! ఎక్కడికీ పోలేదు, ఇందులోనే ఉన్నాడు!"

బున్నమ్ చేతులు వెనక్కి తీసుకుంది.

"మా ఆయన చచ్చిపోయాడు. ఇది కంచు. పట్టుకుపోండి."